ముందు మీరంటే మీరు

“నువ్వు పోతే బిల్డ్ ఎవలు లేపాలె?” అన్నాడు కర్ణాకర్, తల ఎత్తకుండానే.

“నాలుగు దినాలే సార్. మా ఆపాకు నొప్పులొస్తున్నయి. చేర్యాల దవాఖానల ఆమె పక్కకు నేను తప్ప ఎవ్వలు లేరు,” అంది మునీరా.

“నొప్పులు మీ ఆపాకు. సాయంత్రం ములుగు కంపెనీకి సాఫ్ట్‌వేర్ పోకుంటే నొప్పులు నాకు.”

ఆ మాటలో అబద్ధం లేదు, అదే మునీరా ఖర్మ. సిద్దిపేటలో ఆ రెండు గదుల ఆఫీసు బతికేదే ములుగు దగ్గరి విత్తనాల కంపెనీ గోదాం లెక్కల మీద. ఆ సాఫ్ట్‌వేర్‌ని ఎవరో మహానుభావుడు లిస్ప్ అనే పాత భాషలో రాసిపెట్టి పోయాడు. ఎటు చూసినా బ్రాకెట్లే. అందులో ప్యాకేజీలని పిలిచే ముక్కల్లో ఏది దేని మీద ఆధారపడిందో, ఏది ముందు ఏది వెనక ఎక్కించాలో మునీరాకు ఒక్కదానికే తెలుసు. రోజూ తనే ఒక్కొక్కటి చేత్తో ఎక్కించి, అన్నిటినీ ఒక్కటి చేసి పంపుతుంది. ఆ ఒక్కటి చెయ్యడమే బిల్డ్.

“ఒక్క కమాండ్ కొడితే దానంతట అదే లేచేటట్టు చెయ్యి. ఎవలైనా కొట్టగల్గాలె. అప్పుడు ఆరాంగ పో,” అన్నాడు కర్ణాకర్.

“మాట మార్చొద్దు సార్.”

“నేనెప్పుడన్న మార్చిన్నా?”

మునీరా తన లాప్‌టాప్ తెరిచింది. తనదంటే నిజంగా తనదే. ఈ ఆఫీసులో కుర్చీ, ఫ్యాను, చాయ్ కంపెనీవి. లాప్‌టాప్ మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. ఆ రూలు కర్ణాకర్ పెట్టిందే. ఆఫీసుకని ఉన్నది మూలకు ఒకే కంప్యూటర్, బిల్డ్ లేవాల్సింది దాని మీదే.

వరస రాయడం మొదలుపెట్టింది. అన్నీ బుద్ధిగా కుదిరాయి, గోదాం, ధరలు అనే రెండు తప్ప. గోదాం ఎక్కాలంటే ధరలు ముందు ఎక్కాలట. ధరలు ఎక్కాలంటే గోదాం ముందు ఎక్కాలట. నవాబులిద్దరు గుమ్మం ముందు నిలబడి పెహ్లే ఆప్, పెహ్లే ఆప్, ముందు మీరంటే మీరు అనుకున్నట్టు రెండూ బయటే నిలబడ్డాయి. చేత్తో అయితే తను ఒకదాన్ని రెండుసార్లు నెట్టి లోపలికి తోసేది. కమాండ్‌కు ఆ మొహమాటం లేని చెయ్యి ఎక్కడిది? వరస మార్చింది, తెర మీద తప్పు తప్పంటూ ఎర్రక్షరాలు. మళ్లీ మార్చింది, ఇంకా పొడుగు ఎర్రక్షరాలు. చాయ్ చల్లారిపోయింది. లాప్‌టాప్ ఎత్తి నేలకు కొట్టాలన్నంత కోపమొచ్చింది.

ఫోను మోగింది. “యాడున్నవే?” అంది అక్క జబీన్, మూలుగుతూ.

“వస్తున్న ఆపా. బయలుదేరిన,” అని అబద్ధమాడింది మునీరా. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అప్పుడు తట్టింది. రెంటికీ కావలసిన ముక్కను పీకి, ఉమ్మడి అని మూడో ప్యాకేజీ చేసి, దాన్ని ముందు ఎక్కిస్తే సరి. గబగబా తన లాప్‌టాప్‌లోనే రాసి, దాన్ని అక్కణ్ణుంచే తెచ్చుకోమని ఆఫీసు కంప్యూటర్‌కు వైఫై మీదుగా దారి చూపించింది. ముందు నడవనీ, జాగ తర్వాత మార్చొచ్చు అనుకుంది. కమాండ్ కొట్టింది. ఒక్క ఎర్రక్షరం లేదు.

“సార్, మీరే కొట్టున్రి.”

కర్ణాకర్ ఒక వేలుతో కొట్టాడు. బిల్డ్ లేచింది. ఇంకోసారి కొట్టాడు. మళ్లీ లేచింది. అతని మొహం వెలిగిపోయింది.

“శభాష్. గింత అల్కగైందా. ఇగ నువ్వు పో అమ్మా.”

“నాలుగు దినాలల్ల వస్త సార్.”

“మల్ల రాకున్నా ఏం కాదు తియ్యి. మా బామ్మర్ది ఇంటికాడ ఖాళీగనే కూసున్నడు. గా ఒక్క కమాండ్ వాడు కొడ్తడు.”

మునీరాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూసింది గానీ, దాటుతుండగానే అగ్గిపుల్ల గీసేవాణ్ణి ఇప్పుడే చూస్తోంది.

“మాట మార్చ అన్నరు గద సార్.”

“మార్చలే గద. ఆరాంగ పొమ్మన్న, పొమ్మంటున్న.”

ఇంకో మాటంటే ఏడుపొస్తుంది. వీడి ముందు ఏడవడం ఇష్టం లేక లాప్‌టాప్ మూసి, చార్జర్ పీకి, అన్నీ సంచిలో కుక్కుకుని దొరికిన బస్సెక్కింది.

చేర్యాల ఇంకా దూరముండగానే ఫోను మోగింది. ఆపా అనుకుని గబుక్కున ఎత్తింది. కర్ణాకర్.

“మునీరా, కంపెనీకి పంపేటందుకు మల్ల కొడ్తే బిల్డ్ లేస్తలేదు. తెరంతా ఎర్రగైంది. ఉమ్మడి అన్న ప్యాకేజీ లేదంటుంది. బామ్మర్ది కంప్యూటరంతా దేవులాడిండు. కంపెనీవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్రు. గది యాడ పెట్టినవమ్మా?”

ఉమ్మడి జాగ మార్చనే లేదని మునీరాకు అప్పుడు గుర్తొచ్చింది. తర్వాత ఆమె చెయ్యి మెల్లగా ఒడిలో ఉన్న సంచి మీదికి పోయింది.

“గది నాతోనే బస్సుల ఉంది సార్,” అంది. “నాలుగు దినాలు లీవు పెట్టింది.”