ఆఖరి పళ్లెం

"అందరికంటే ఆఖరున తినేవాళ్ల పక్కన నేను కూర్చుంటాను, పళ్లెం ఖాళీ అయ్యేదాకా. ఇక్కడి పద్ధతి అంతే," అంది నర్సు టాన్యా, అప్పుడే వచ్చి చేరిన కార్లీన్‌తో.

కార్లీన్‌కు ఒళ్లు మండింది. నలభై నాలుగేళ్ల మనిషికి కాపలానా?

"నన్నలా కూర్చోబెట్టిన రోజే సంచీ సర్దుకుని పోతా," అంది, బల్ల దగ్గర అందరూ వింటుండగానే.

పోతే మళ్లీ పాత బతుకుకేనని ఆమెకూ తెలుసు. తిండి మానేసి, ఖాళీ కడుపులో వైన్ పోసుకోవడం పదేళ్ల అలవాటు. కెనడాలో, సస్కటూన్ ఊళ్లోని ఈ చికిత్సాలయంలో రెంటికీ కలిపి వైద్యం చేస్తారు. ఈసారీ మధ్యలో వెళ్లిపోతే బతకవని డాక్టరు మొహంమీదే చెప్పాడు.

బల్లకు అవతల ఓర్విల్ అనే ముసలాయన. తాగుడు మానడానికి వచ్చాడు. మాట తక్కువ.

ఆ మధ్యాహ్నం బంగాళదుంప కూరి ఉడికించిన, కజ్జికాయల్లాంటి పెరోగీలు నాలుగు పెట్టారు, పైన పుల్లటి మీగడ. కార్లీన్ గంటసేపు వాటితో కుస్తీ పట్టింది. చివరి ముక్క మింగి తలెత్తితే, ముసలాయన పళ్లెంలో ఇంకా రెండున్నాయి.

టాన్యా వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. హమ్మయ్య అనుకుంది కార్లీన్.

మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే.

"ఏం పెద్దాయనా, నత్తలు మీకేమన్నా చుట్టాలా?" అంది కార్లీన్ ఓ రోజు.

"దూరపు చుట్టాలు," అన్నాడు నములుతూ.

"చల్లారిపోయింది కదా, ఎలా తింటారు?"

"నువ్వు తిన్నావుగా అమ్మాయీ. ఇక లే."

ఆయన నమిలే తీరు కార్లీన్ చేసి చూపిస్తే బల్లంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

ఎనిమిది వారాలు గడిచాయి. కార్లీన్ ఒక్కపూట కూడా ఆఖరున మిగల్లేదు. సంచీ సర్దలేదు. నయమయ్యాకే ఇంటికి వెళ్లింది.

ఆరు నెలల తర్వాత వైద్య పరీక్షకు మళ్లీ అక్కడికి వచ్చింది. కాస్త ఒళ్లు చేసింది కూడా.

"మా నత్తగారు ఎలా ఉన్నారు?"

"పోయాడు కార్లీన్. పోయిన నెల. లివర్ అప్పటికే చెడిపోయి ఉంది," అంది టాన్యా.

కార్లీన్ భోజనాల బల్ల వైపు చూసింది.

"పాపం, చాలా ఏడిపించాను. ఆ నములుడు చూసి నేను నవ్వని రోజు లేదు."

టాన్యా ఆమె వంక వింతగా చూసింది.

"ముప్పై ఏళ్లు రైల్వేలో పనిచేసిన మనిషి, నాలుగు నిమిషాల్లో తిని లేచేవాడు. నువ్వొచ్చిన పూటే ఆయన నమలడం మొదలుపెట్టాడు."