పది అడుగుల దూరం నుంచే

జయకుమార్ కారు దిగీ దిగగానే టీ బంకు ముందు నిలబడ్డ మనిషిని వేలెత్తి చూపించాడు.

"ఆయప్పకు రెండు కండ్లలోనూ శుక్లం ఉండాది. క్యాంపు బస్సెక్కించండి."

టీ గ్లాసు పట్టుకున్న బొజ్జన్న బిత్తరపోయాడు. అతను లారీ డ్రైవరు. మంగంపేట గనుల్లో ముగ్గురాయి లోడెత్తి మద్రాసు ఓడరేవులో దించి, అప్పుడే ఊళ్లోకి తిరిగొచ్చాడు.

"నాకు శుక్లమేంది సార్? మద్రాసు దాంక బండి తోలుకోని పోయొస్తి గదా!"

"అందుకే చెప్తాండా. ఇంగ తోలొద్దప్పా," అన్నాడు జయకుమార్ ప్రేమగా.

ఆస్పత్రి సిబ్బంది ఇద్దరు చెరో రెక్క పట్టుకుని బొజ్జన్నను బస్సెక్కించారు.

జయకుమార్‌ది కోడుమూరు. చిన్నప్పుడు అమ్మానాన్నలు కూలికి పోతే అవ్వ రాహేలమ్మే సాకింది. ముసలామెకు చూపు పోయింది. పోయిందని ఒప్పుకోలేదు. "నాకు బాగా కనపడతాండాదిరా" అంటూనే ఒకరోజు పట్టపగలు దిగుడుబావిలోకి నడిచింది.

ఆ తర్వాత అతను కర్నూలులో ఒక ఆస్పత్రుల కంపెనీలో టోకెన్లు రాసే పనికి చేరాడు. ముప్పై ఆరేళ్లు తిరిగేసరికి ఆ కంపెనీకే వైస్ ప్రెసిడెంటు అయ్యాడు. పదవి పెరిగినా అవ్వను మరిచిపోలేదు. ఆదివారం చర్చి అయిపోగానే ఏదో ఒక ఊళ్లో కంటి శిబిరం. ఇప్పటికి నాలుగు వేల మందికి ఉచితంగా చూపు తెప్పించాడు.

ఆయన డాక్టరు కాదు. అయినా పది అడుగుల దూరం నుంచే శుక్లాన్ని పసిగడతాడని పేపర్లో రాశారు. ఈమధ్య ఆ నేర్పు మరీ ఎక్కువైంది. ఒకప్పుడు ఊరికి పదిమంది దొరికితే గొప్ప. ఇప్పుడు ఏ ఊళ్లో దిగినా బస్సు నిండుతోంది.

డాక్టర్లే కలిసి రావడం లేదు. "వీళ్లకేమీ లేదు సార్" అన్న మొదటి డాక్టరును ఆదోనికి బదిలీ చేశాడు. అదే మాటన్న రెండో డాక్టరు ఇప్పుడు రికార్డు గదిలో పాత ఫైళ్లు సర్దుతున్నాడు.

టీ బంకు దాటి మంగంపేట వీధి వెంట నడుస్తూ జయకుమార్ ఆగాడు. అరుగు మీద నాగక్క సూదిలో దారం ఎక్కిస్తోంది.

"పాపం, ఎట్లా తడుముకుంటాందో చూడండి!"

"తడుముకునేదేంది సామీ? రవికెకు గుండీ కుట్టుకుంటాండా."

"మా అవ్వ కూడా ఇట్లే అనేదమ్మా," అన్నాడాయన. నాగక్క సూదితో సహా బస్సెక్కింది.

పూలగుత్తితో ఎదురొచ్చిన కృష్ణవేణమ్మ ఆ ఊరి హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్. శిబిరానికి బడి గదులు ఇచ్చింది ఆమే. ఆ మాట చెప్పబోయేలోగానే ఆమెనూ ఎక్కించారు.

చివరికి బస్సు డ్రైవరు శేషన్నకు కూడా శుక్లం ఉందని తేలింది.

"నన్ను దింపితే బండి ఎవురు తోలేది సార్?"

"ప్రాణం ముఖ్యమా, బండి ముఖ్యమా?"

తోలేవాడు లేక నలభై ఒక్కమందీ బస్సు దిగి, బడి దాకా నడిచి వెళ్లారు.

బడి మేడ మీది గదిలో డాక్టరు సాజియా కూర్చుని ఉంది. కర్నూలు అమ్మాయి. ఉద్యోగంలో చేరి రెండు నెలలే. ఒక్కొక్కరినీ కళ్లు పరీక్షించే మిషను ముందు కూర్చోబెట్టి, ఓపిగ్గా రెండు కళ్లూ చూసింది. గోడ మీది అక్షరాలు చదివించింది. బొజ్జన్న ఆఖరి వరుస దాకా గడగడా చదివి, చార్టు అడుగున ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివాడు. నాగక్క కిటికీలోంచి చూసి, ఎదురింటి మిద్దె మీద ఆరేసిన మిరపకాయల్ని లెక్కపెట్టింది.

మధ్యాహ్నానికి జయకుమార్ లోపలికొచ్చాడు.

"ఎంతమంది తేలినారు?"

"ఒక్కరు కూడా లేరు సార్."

"ముందు ఇద్దరు డాక్టర్లు కూడా ఇదే మాటన్నారు. ఇప్పుడు వాళ్లు యాడుండారో తెలుసునా?"

"తెలుసు సార్."

"తెలిసే చెప్తాండావా? రేపు నలభై ఒక్కమందికీ ఆపరేషన్లు. రాసియ్యి."

 సాజియా పెన్ను మూసి బల్ల మీద పెట్టింది.

"బాగుండే కండ్లకు నేను కత్తి పెట్టలేను సార్. కావాలంటే ఉద్యోగం మానేస్తా."

గది బయట నాగక్క గట్టిగా ఏడుపు అందుకుంది. గది మూలనున్న బొజ్జన్న కిటికీ వైపు చూసి, దూకితే ఎంత లోతుంటుందో అంచనా వేసుకున్నాడు.

జయకుమార్ కోపం చప్పున దిగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా అవ్వ బావిలో పడేముందు కూడా కండ్లు బాగుండాయనే అనిందమ్మా. ఆ మాట నమ్మి నేను గోలీలాటకు పోయినా. ఇంగొకరు అట్లా పోగూడదు. నేనడిగేది అంతే."

సాజియా మంచినీళ్ల గ్లాసు అందించింది.

ఆయన రెండు గుక్కలు తాగి తేరుకున్నాడు. "నీ తప్పు కాదులే. మిషను చెడిపోయుంటాది. జరుగు, నేను చూస్తా."

గబగబా వచ్చి, పేషెంట్లు కూర్చునే స్టూలు మీద కూర్చుని, గడ్డం ఆనించి, కళ్లు పెద్దవి చేసి లోపలికి చూశాడు.

"చూసినావా? ఏమీ కనపడ్డంలే. అంతా తెల్లగా ఉండాది!"

సాజియా ఇవతలి వైపు నుంచి కన్ను పెట్టింది. ముందు ఒక కన్ను, తర్వాత రెండో కన్ను చూసింది.

"సార్, ఆ నలభై ఒక్కమంది కండ్లూ నిక్షేపంగా ఉండాయి, శుక్లాలు ముదిరింది మీ రెండు కండ్లలోనే," అంది చివరికి.