పెంచలమ్మ తరం

"వాన పడి మూడు రోజులైంది. రేపటికి పదును ఆరిపోతాది. విత్తేదానికి ఇంకా గొర్రు ఎందుకు కట్టలేదురా?" ఆత్మకూరు నుంచి వచ్చిన పాస్టరు మస్తానయ్య అడిగాడు.

తిరుపాలు కుక్కిమంచం వైపు చూపించాడు. దానిమీద ఎనభై అయిదేళ్ళ అతని తల్లి పెంచలమ్మ మూలుగుతోంది.

"అమ్మ ఇయ్యాలో రేపో అన్నట్టుండాది అయ్యగారూ. ఈ తరం గతించక ముందే లోకానికి అంతం వస్తాదని సువార్తలో మార్కు రాసినాడు గదా. ఆ తరమంటే అమ్మ చిన్నప్పుడు, ధాత కరువులో బాప్తిస్మం తీసుకున్నోళ్ళే. వాళ్ళలో మిగిలింది అమ్మొక్కతే. ఇంగ విత్తితే కోసేదెవురు?"

ఉదయగిరి కొండ కింది ఆ పల్లెలో నలభై ఇళ్ళవాళ్ళదీ అదే మాట. విత్తనం సజ్జలు కూడా వండుకుంటున్నారు. రెండేళ్ళ కరువు తర్వాత పడిన వాన అది. ఈ పంట పోతే పిల్లలు బతకరు.

"మార్కు చెప్పింది తన కాలంవాళ్ళ గురించిరా. యెరూషలేము కూలిపోతా ఉంటే, అంతం తన కళ్ళముందే వస్తాదనుకున్నాడు."

"వాళ్ళంతా ఎప్పుడో పోయినారు గదా. తప్పు రాసినాడంటారా?"

మస్తానయ్య మంచం పక్కన కూర్చున్నాడు. "ఆ గడియ ఎవురికీ తెలవదని కూడా ఆయనే రాసినాడు."

"గడియ తెలవదు. తరం తెలుసు గదా."

గుమ్మం దగ్గర జనం తలలూపారు. పాస్టరు సంచిలోంచి పాత బాప్తిస్మాల పుస్తకం తీసి ఒక పేరు మీద వేలు పెట్టాడు.

"మీ అమ్మతో ఒకే రోజు, ఒకే వాగులో మునిగిన రోశమ్మ. కొండాపురంలో ఇచ్చి పెళ్ళి చేసినారు."

పెంచలమ్మ కళ్ళు తెరిచింది. "రోశి ఉండాదా?"

తిరుపాలు బైబిలు ముందుకు జరిపాడు. "చెయ్యి పెట్టి చెప్పండి."

మస్తానయ్య చెయ్యి పెట్టాడు. "నిన్న రోశమ్మను కళ్ళారా చూసినాను. మొహాన నొప్పి జాడ లేదు."

"అది నాకంటే మొండిది," అంది పెంచలమ్మ. "అంతం సంగతి అది చూసుకుంటాది. ఇంగ నా నోట్లో గంజి పొయ్యబాకండిరా. నువ్వు చేనికి పో."

పల్లెంతా చేలల్లోకి నడిచింది. పొద్దు వాలేలోగా పెంచలమ్మ చెయ్యి పాస్టరు చేతిలోనే చల్లబడింది. కబురు విన్న తిరుపాలు మిగిలిన రెండు చాళ్ళూ వేసి, వచ్చి గుంత తవ్వాడు. ఆకాశం వైపు ఎవరూ చూడలేదు.

ముందు రోజు కొండాపురంలో రోశమ్మ శవాన్ని మట్టి చేసింది మస్తానయ్యే.