మీరా హుస్సేన్ మీసం

మీరా హుస్సేన్ ఆగి వెనక్కి తిరిగి చూశాడు.

ఉంది. ఆవిడ ఇంకా వెనకే ఉంది. హమ్మయ్య!

మీసం ఓసారి దువ్వుకుని మళ్ళీ కొండెక్కడం మొదలుపెట్టాడు.

ఆ మీసం సంగతి చెప్పాలి. సత్తెనపల్లి దగ్గర ఆరెకరాల మిరప చేను, దానికి తగ్గ మీసం, ఇవీ ఆయన ఆస్తులు. ఓ రోజు టీ కొట్టు దగ్గర "హిమాలయాలు మాకో లెక్కా" అని కోతలు కోశాడు. బావమరిది అమానుల్లా ఊరుకుంటాడా?

"బావా, గుంపులో అందరికంటే ఆఖర్న ఎక్కావనుకో, మీసం తీసెయ్యాలి."

"తీసెయ్యరా! శిఖరం మీదే తీసెయ్యి."

అలా గుంటూరు కుర్రాడు మార్క్ నడిపే ట్రెక్కింగ్ గుంపుతో ఇద్దరూ హిమాలయాలకి వచ్చిపడ్డారు. పన్నెండు వేల అడుగుల శిఖరం. అమానుల్లా సంచిలో రేజరు కూడా పెట్టుకొచ్చాడు, పాపిష్టివాడు.

పొద్దున్నే నడక మొదలైంది. గంట తిరక్కుండానే అందరూ మేకల్లా ఎగబాకిపోయారు, అమానుల్లాతో సహా. పల్నాడు ఎండకి బెదరని హుస్సేన్, ఇక్కడ గాలి చాలక కొలిమి తిత్తిలా రొప్పుతూ మిగిలాడు.

మీసం పోయినట్టే అనుకుంటుండగా వెనక కనబడింది ఆవిడ. అరవై దగ్గరపడ్డ బక్క మనిషి. మంకీ క్యాపు, చేతిలో కర్ర. పది అడుగులేస్తే ఓసారి ఆగుతోంది. పొద్దున క్యాంపులో చూశాడంతే. పేరు జయకుమారి, ఊరు పర్చూరు అన్నారెవరో.

హుస్సేన్‌కి ప్రాణం లేచొచ్చింది.

"ఈ వయసులో మీకెందుకమ్మా కొండలు? ఇంట్లో కూర్చుని టీవీ చూసుకోక!"

"బుద్ధి గడ్డి తిందిలే బాబూ" అంది రొప్పుతూ. "కాస్త నిదానంగా నడవరా? తోడుంటారు. నాకు భయంగా ఉంది."

పాపం, ఆడమనిషి. వదిలేసి పోతే ఏం మర్యాద? ఆవిడ కోసమని అడుగు తగ్గించాడు. చిత్రంగా తన రొప్పు కూడా తగ్గింది.

ఇంకాసేపటికి ఆవిడ బెల్లం ముక్క చేతిలో పెట్టింది.

"నాకు సయించట్లేదు బాబూ. పారెయ్యడం దేనికి, మీరు తినండి."

తిన్నాడు. కాళ్ళలోకి ఓపిక వచ్చింది. ఓపికతో పాటు నోరూ వచ్చింది. మీసం పందెం సంగతంతా చెప్పేశాడు.

"గుంపు నడపడమంటే మా సుబ్బరావమ్మని చూసి నేర్చుకోవాలమ్మా. మా మిరప కోతల మేస్త్రి. పాతికమంది కోసుకుంటూ ముందుకి పోతుంటే తను వెనకాలే ఉంటుంది. ఎవరి సాలు వెనకబడితే ఆ సాల్లో తనూ చెయ్యేస్తుంది. ఒక్కరినీ వదిలిపెట్టదు. ఈ మార్క్ ఉన్నాడే, మనల్ని గాలికొదిలేసి చక్కా పోయాడు!"

"నిజమే బాబూ" అంది ఆవిడ కర్ర మీద వాలి. "మీ సుబ్బరావమ్మ లాంటి మనిషి ఉండాల్సింది."

తీరా శిఖరం కనబడ్డాక కాళ్ళు మొండికేశాయి. హుస్సేన్ మంచులో చతికిలబడ్డాడు.

"నా వల్ల కాదమ్మా. మీసం పోతే పోయింది. దిగిపోతా."

యాభై ఏళ్ళ మనిషికి నిజంగానే ఏడుపొచ్చింది. ఊళ్ళో మొహం ఎలా చూపించాలి?

ఆవిడ పక్కకొచ్చి నిలబడింది.

"అలాగే బాబూ, మీరు కూర్చోండి. నేను ముందు పోతా."

"ఏంటీ?"

అప్పటికే రెండడుగులు దాటేసింది.

హుస్సేన్ ఎలా లేచాడో ఆ అల్లాకే తెలియాలి. లేచాడు. ఆవిడని దాటాడు. పడుతూ లేస్తూ, కాళ్ళూ చేతులూ కలిపి పాకుతూ శిఖరం ఎక్కేశాడు.

"ఒరేయ్ అమానుల్లా! చూడరా మీసం!"

చుట్టూ తెల్లటి కొండలు. ఆయనకి ఒళ్ళు పులకరించింది. మార్క్ వచ్చి చెయ్యి కలిపాడు. ఫోటోలు తీశారు.

అంతా అయ్యాక అమానుల్లా సంచిలోంచి రేజరు తీశాడు.

"కూర్చో బావా. ఆఖరు నువ్వే."

"కళ్ళు కనబడట్లేదా? నా వెనక జయకుమారి గారు..."

తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

కింద, చాలా కింద, కర్ర చంకలో పెట్టుకుని, పొలం గట్టు మీద నడిచినట్టు చరచరా దిగిపోతోంది ఆవిడ. ఒక్కచోటా ఆగడం లేదు.

హుస్సేన్ మార్క్ చెయ్యి పట్టుకుని ఊపాడు.

"అయ్యో, ఇంత దూరం వచ్చి ఎక్కకుండానే దిగిపోతోందయ్యా మార్క్! పిలువు, నేను చెయ్యిస్తా!"

మార్క్ నవ్వాడు.

"మేడమ్ ఈ కొండ నలభైసార్లు ఎక్కారు సార్. నాకు కొండెక్కడం నేర్పిందే ఆవిడ."

మీసం మీదున్న హుస్సేన్ చెయ్యి మెల్లగా కిందికి జారింది.

"మరి నా వెనకెందుకు నడిచిందయ్యా?"

"పొద్దున మీ నడక చూసి, 'ఈయన్ని నేను తీసుకొస్తా, మీరంతా ముందు పదండి' అని మమ్మల్ని పంపించేసింది ఆవిడే సార్."