ఏడు లీటర్లు

"అయ్యా, ఆ నల్ల ఆయిల్ పారబోస్తారాండీ?"

యేసుబాబు బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అక్కడినుంచి అతనికి కనిపించినవి రెండు అరిగిన చెప్పులు, పిడి విరిగితే తాడు కట్టిన ఒక నీలం డబ్బా.

గుణదలలో యేసుబాబు తెలియనివాళ్ళు ఉంటారేమోగాని, అతని పెద్ద తెల్ల బండి తెలియనివాళ్ళు లేరు. ఆయిల్ మార్చడానికి దాన్ని షోరూముకి పంపడు. పాతదే ఉంచేసి కొత్తదానికి బిల్లు వేస్తారని అతని అనుమానం.

అనుమానం ముందు పుట్టి, తర్వాత వీడు పుట్టాడని కన్నతల్లి శౌరమ్మే అంటుంది.

అందుకే ముందు చక్రాలు రెండూ చెక్క దిమ్మల మీదికి ఎక్కించి, ఫోన్లో వీడియో చూసుకుంటూ తనే మార్చుకుంటాడు.

"ఎవరు నువ్వు?" అన్నాడు బయటికి జరిగి.

"బాలశౌరి అంటారండి. ఎంత పడుద్దండి దీనికి?"

"ఏడు లీటర్లు."

ముసలాయన ముఖం విప్పారింది. "చాలండి. మొత్తానికి సరిపోద్ది."

"దేనికి?"

"చెక్కలకి పుయ్యాలండి. వానలొస్తే చెద పట్టేస్తది."

"ఎక్కడి చెక్కలు?"

ముసలాయన నసిగాడు. "పొద్దున్నే గుమ్మంలో చెప్పే మాట కాదులెండి."

ఆ మాటతో యేసుబాబుకి అంతా అర్థమైపోయింది. అంటే, అర్థమైపోయిందని అతను అనుకున్నాడు.

"ఆటోనగర్ వెళ్ళి అడుగు. అక్కడ డ్రమ్ములకి డ్రమ్ములుంటాయి."

"ఇదివరకు ఊరికే పోసేవోళ్ళండి. ఇప్పుడు కొనుక్కుపోయేవోళ్ళు వచ్చారు. ఈ ఏడు ఎవరూ ఇవ్వట్లేదు. పోనీ, సగమన్నా ఇప్పించండి."

"వడగట్టి, కొత్త డబ్బాల్లో పోసి అమ్ముకోడానికేగా? వెళ్ళు."

వరండాలోంచి కూతురు డయానా అంది. "పారబోసేదేగా నాన్నా. ఇచ్చెయ్యొచ్చుగా."

"నీకు తెలీదు. నువ్వు లోపలికెళ్ళు."

ముసలాయన కదల్లేదు. యేసుబాబుకి ఒళ్ళు మండింది. పాత ఆయిల్ పట్టిన టబ్బు ఎత్తి, ఏడు లీటర్లూ ప్రహరీ పక్కన పిచ్చిమొక్కల మీద కుమ్మరించాడు.

ఆ నల్లటి మడుగు మట్టిలోకి ఇంకిపోయేదాకా ముసలాయన చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గేటు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, మే నెల ఎండలోకి వెళ్ళిపోయాడు.

డయానా ఆ పగలంతా తండ్రితో మాట్లాడలేదు. సాయంత్రం మాట్లాడింది, అదీ ఒక్క మాటే.

"ఈ ఏడన్నా అమ్మకి రాయి వేయిద్దాం నాన్నా."

యేసుబాబు తలూపాడు.

కోవిడ్ రెండోసారి వచ్చినప్పుడు భార్య శాలిని పోయింది. డయానాకి అప్పుడు తొమ్మిదేళ్ళు. అంబులెన్సు వెనకే ఇదే బండిలో, కొండపల్లి దారిలో ఉన్న సమాధుల తోట దాకా వెళ్ళాడు యేసుబాబు. గేటు దగ్గర ఆగిపోయాడు. బండి దిగలేదు. ప్రాణభయం.

ఎవరో అద్దం సందులోంచి చీటీ ఒకటి అందించారు. దానిమీద ముప్పై ఒకటి అని ఉంది. పేర్లు రాసే తీరిక లేని రోజులవి. చెక్క శిలువల మీద అంకెలు చెక్కి పాతేశారు.

ఆ తర్వాత లోపల అడుగు పెట్టడానికి అతనికి ముఖం చెల్లలేదు. చీటీ మాత్రం బండి అరలో భద్రంగా ఉంది. నంబరుంది కదా, ఎప్పుడు వెళ్ళినా దొరుకుతుందని ధీమా.

నవంబరు రెండు, సమాధుల పండుగ. శాలిని పేరు చెక్కిన పాలరాయిని దుప్పట్లో చుట్టి, బండి వెనక పెట్టుకుని తండ్రీ కూతురూ వెళ్ళారు.

తోటంతా కొత్త సున్నం, బంతిపూలు, కొవ్వొత్తులు. కోవిడ్ వరస వెనక మూలన ఉందన్నారు. అక్కడ మోకాలెత్తు గడ్డి తప్ప ఏమీ లేదు.

గడ్డి తప్పిస్తే శిలువల మొదళ్ళు కనిపించాయి. ముట్టుకుంటే పొడి రాలింది. దిబ్బలన్నీ వానలకి నేలమట్టమయ్యాయి. పడి ఉన్న ఒక చెక్క మీద 'మూడు' అంకె మిగిలింది. దాని పక్క అంకెని చెద తినేసింది.

"అమ్మది ఏది నాన్నా?"

యేసుబాబు చేతిలో చీటీ ఉంది.

కాపలా ఉండే జీవరత్నం దగ్గరికొచ్చాడు. "పోయినేడు దాకా నిక్షేపంలా ఉండేయండి. వానల ముందు ఒకాయన ఏటా నల్ల ఆయిల్ పూసేవాడు. ఏడు లీటర్లుంటే అరవై రెంటికీ వచ్చేది. ఈ ఏడు అదే దొరకలా. ఎండల్లో ఇల్లిల్లూ తిరిగి, ఒట్టి డబ్బాతో వచ్చాడు."

ఆ డబ్బా షెడ్డు మూలన ఉంది. నీలం డబ్బా, పిడికి తాడు.

యేసుబాబుకి ఆ ముసలాయన కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

"ఆయన ఎక్కడుంటాడు?"

"వడదెబ్బండి. జూన్లోనే పోయాడు. అదిగో, ఆ గోడవార పెట్టాం."

"ఇక్కడ పనిచేసేవాడా? జీతం ఎవరిచ్చేవారు?"

"జీతమేంటండీ," అన్నాడు జీవరత్నం, వంగి ఆ చెక్క ముక్కని గడ్డిలోంచి తీస్తూ. "ఆ రోజుల్లో ఆయన కూతుర్ని కూడా ఈ వరసలోనే పెట్టారు. అప్పటికి ఆయనా ఆస్పత్రిలోనే ఉన్నాడు. చీటీ ఎవరూ ఇవ్వలా. ఏది తన బిడ్డదో తెలీక, అన్నిటికీ పూసేవాడండి."