ఖాళీలో పడిన పేరు

"అది నా పేరు కాదు సార్!" అన్నాడు గుమాస్తా, చేతిలోని బదిలీ ఉత్తర్వు చూపిస్తూ.

అధికారి కళ్ళజోడు సర్దుకుని కాగితం చూశాడు. "నీ పేరేగా?"

"నాదే సార్. కానీ నాది కాదు."

అధికారి ఈ ఆఫీసుకు వచ్చి నెలే అయింది. ఇక్కడి మనుషులు ఇలాగే మాట్లాడతారు కాబోలనుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. గుమాస్తా గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చాడు. ఉత్తర్వులన్నీ ఒకే తీరుగా రావాలని కంప్యూటర్లో టెంప్లేటు అనే నమూనా తయారుచేసింది అతనే. పేరు, ఊరు, తేదీ రాసిన చిన్న ఫైళ్ళు ఇచ్చి, నల్లటి తెర మీద ఒక్క లైను కమాండు కొడితే చాలు, సంతకమే తరువాయిగా ఉత్తర్వులు తయారవుతాయి. ఫైల్లో పేరు లేకపోతే ఏం రావాలన్న చోట, చూడ్డానికి ఎలా ఉంటుందోనని తన పేరే పెట్టుకున్నాడు మహానుభావుడు. తర్వాత తీసేయడం మరిచాడు.

"నిన్న మీరిచ్చిన పదిహేనింటిలో ఒకదానికి పేరు లేదు సార్."

"ఎలా ఉంటుంది? కొండమీది శాఖకు ఎవర్ని పంపాలో తేలక నేనే వదిలేశాను."

"ఆ ఖాళీలో నేను పడ్డాను సార్. మీరు సంతకం పెట్టేశారు."

"ప్రతి కాగితం చివరిదాకా చదువుతూ కూర్చుంటే ఆఫీసు నడిచినట్టే!" అని కసురుకున్నాడు అధికారి.

తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది గుమాస్తాకు. ఉత్తర్వుల నకళ్ళన్నీ కింద తపాలా సెక్షనుకు పోతాయి. ఆ కౌంటర్లో కూర్చునేది అతని భార్యే. ఈపాటికి చూసే ఉంటుంది. కౌంటరు వదిలి పైకి రావడానికి లేదు. ఫోను చేద్దామన్నా, కంగారులో అతను ఫోను బల్ల మీదే వదిలేసి వచ్చాడు.

"పెళ్ళయి ఆరేళ్ళు సార్. ఆవిడొక ఊరు, నేనొక ఊరు. ఒక్క గూటికి చేరి నాలుగు నెలలైనా కాలేదు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

అటెండరు వచ్చి, బల్ల మీది తట్టలో ఒక కాగితం పడేసి వెళ్ళిపోయాడు.

అధికారి మెత్తబడ్డాడు. "జాబితా పైఆఫీసుకు వెళ్ళిపోయింది. పొరపాటని చెప్పి ఒక్కసారి మార్పించగలను. రెండోసారి అడిగితే నన్నే పంపిస్తారు ఆ కొండ మీదికి. అది సరే, నీ బదులు ఎవరి కొంప ముంచమంటావు?"

ఆ మాటతో గుమాస్తాకు పన్నెండుమంది తోటివాళ్ళ ముఖాలు వరసగా కళ్ళముందు తిరిగాయి. ఎవరి పేరూ చెప్పడానికి మనసొప్పలేదు.

ఏం తోచక అధికారి తట్టలోని కాగితం తీశాడు. మొదటి లైను చూడగానే ముఖం విప్పారింది.

"నీ అదృష్టం పండిందయ్యా! కొండమీది శాఖే కావాలని ఎవరో అర్జీ పెట్టుకున్నారు!" అంటూ అక్కడికక్కడే మంజూరు చేసి సంతకం గీకాడు. పేరూ నంబరూ ఒక చీటీ మీద ఎక్కించుకుని, అర్జీని మడిచి గుమాస్తా చేతిలో పెట్టాడు. "నీ ఉత్తర్వు రద్దు, వీళ్ళ ఉత్తర్వు, రెండూ కొట్టి పట్రా. పైకి నేను ఫోను చేస్తాను."

గుమాస్తాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పుణ్యాత్ములెవరోగానీ వాళ్ళ కడుపు చల్లగుండాలని వరండా పొడుగునా దండాలు పెట్టుకుంటూ తన సీటుకు వచ్చి పడ్డాడు. ఫోనులో భార్యవి ఏడు కాల్స్ ఉన్నాయి. నవ్వుకున్నాడు. రద్దు కాగితం పట్టుకెళ్ళి నేరుగా ఆమె చేతిలోనే పెట్టాలనుకున్నాడు.

ముందుగా టెంప్లేటు తెరిచి, తన కొంప ముంచబోయిన పేరును చెరిపేశాడు. పేరు లేకపోతే అసలు ఉత్తర్వే రాకుండా కట్టుదిట్టం చేశాడు. రద్దు ఉత్తర్వు వచ్చేసింది. ఇక రెండోది మిగిలింది.

"పైకి పేరు చెప్పేశానయ్యా!" గదిలోంచి అధికారి కేక వినిపించింది. "నమోదు కూడా అయిపోయింది. ఇక బ్రహ్మదేవుడొచ్చినా మారదు. తొందరగా కానీయ్!"

"అయిపోయింది సార్!" అంటూ, పేరు కొట్టడానికి అర్జీ మడత విప్పాడు.

ఆ గుండ్రటి దస్తూరీ అతనికి ఆరేళ్ళ ఉత్తరాల్లో అలవాటైనదే.

"మా వారికి ఈ రోజే అక్కడికి బదిలీ అయినందున, ఇకనైనా ఇద్దరం ఒక్కచోట ఉండేలా నన్ను కూడా ఆ శాఖకే పంపవలసిందిగా ప్రార్థన."