వీపు మీద సుద్దగీత

ఒరే తమ్ముడూ, మా అమ్మాయి తన బిడ్డను ఎత్తుకుందిరా! వాడు పుట్టిన ఏడాదిన్నరకి, వంగి, నేల మీది నుంచి, తన చేతులతో! నా కళ్ళు చల్లబడ్డాయి.

తనకి నడుం నొప్పని, ఊళ్ళోకి కొత్తగా వచ్చిన ఫిజియోథెరపీ ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ వెన్ను తడిమి చూసింది.

"కాస్త వంకరుంది. నాకూ ఉందమ్మా, నా భుజాలు చూడు. అంతో ఇంతో అందరికీ ఉండేదే. నీ నొప్పి దానివల్ల కాదు. భయంతో వంగడం మానేసి నడుం బిగదీసుకున్నావు."

"బరువెత్తితే వెన్ను విరుగుతుందన్నారండీ."

"ఎవరా మహానుభావుడు?"

అమ్మాయి నా వైపు చూడలేదు. వంగి బిడ్డను ఎత్తుకుంది, అంతే.

నాకు మాత్రం ఆ పాత వైద్యమంతా గుర్తొచ్చిందిరా. ఆ పాత నూనె కంపు, చెమట ఊరిన బల్ల, వీపు మీద సుద్దతో గీత గీసి "అదిగో వంకర!" అని పదిమందికీ చూపించడం, మోచేత్తో కుమ్మడం. థూ! తలుచుకుంటేనే వాంతికొస్తోంది.

ఆ బల్ల మన వసారాలోదే. సుద్దముక్క ఇంకా నా చొక్కా జేబులోనే ఉంది. కన్నకూతురికి గీత గీసిన చేత్తోనే ఈ కార్డు రాస్తున్నా.

పెద్దక్కకి చెప్పు, బిందె ఎత్తుకోవచ్చని. బావగారికి చెప్పు, సైకిలు తొక్కమని. చిన్న మరదలికి, పిన్ని కోడలికి, ఆ కోడలి ఇద్దరు కూతుళ్ళకీ చెప్పు. నేను గీత గీసినవాళ్ళలో ఒక్కరినీ మరిచిపోకు. ఆ వరసలో అందరికంటే ముందు నువ్వే ఉన్నావు, నీ మనవణ్ణి ఎత్తుకో.